ఒక్క కోటు నది

మా బావ ఇళ్ళకి రంగులు వేసే మేస్త్రి. చుట్టుపక్కల వీధుల్లో ఆయన్ని ‘రెండు కోట్ల మేస్త్రి’ అంటారు. కొత్తగా విన్నవాళ్ళు ఈయన దగ్గర ఎంతో మూలుగుతోంది కాబోలనుకుని లేచి కుర్చీ వేస్తారు. తీరా చూస్తే ఆ కోట్లు రంగువి. ఏ ఇంట్లో పని ఒప్పుకున్నా రెండో కోటు పడందే నిచ్చెన దిగడు. ఇంటివాళ్ళు విసుగెత్తి, బాగానే ఉంది, ఇక మా సామాన్లు మమ్మల్ని సర్దుకోనివ్వవయ్యా అని మొత్తుకున్నా వినడు. మొదటి కోటు గోడ తాగేస్తుందనీ, మన కంటికి మిగిలేది రెండోదేననీ ఆయన సిద్ధాంతం.

ఆయన మా అక్కని చేసుకునేనాటికి నేను రెండు జడల పిల్లని. ఆయన్ని ఆటపట్టించే హక్కు నాకు అప్పుడే వచ్చింది, ఇప్పటిదాకా వదులుకోలేదు. నేను పెళ్ళి మాట తలపెట్టలేదు, కుట్టుమిషనే నా సంసారం. అక్కా బావా ఉండే మేడమీది వాటాలో ముందుగది నాది. వాళ్ళకి పిల్లలు లేరు. ఉన్నదల్లా నేనూ, నా నోరూ.

బావ గోడని చూసే తీరు చూడాలి. ఎవరింటికి వెళ్ళినా మనుషులకంటే ముందు గోడల్ని పలకరిస్తాడు. అరచెయ్యి ఆనించి చెమ్మ ఎక్కడుందో, సున్నం ఎక్కడ పొక్కిందో, మేకు ఊడిన చోట ఎవరు సబ్బుముక్కతో పూడ్చి చేతులు దులుపుకున్నారో చెప్పేస్తాడు. పెచ్చులు గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, గుంటల్లో లప్పం పెట్టి, ప్రైమరు కొట్టి, ఆ తరవాతే రంగు. ఒకసారి ఎవరింట్లోనో తలుపు వెనక అరచెయ్యంత చోట పాత మరక మళ్ళీ పైకి తేలిందని తెలిసి, పిలవకుండానే డబ్బా పట్టుకుని వెళ్ళి సరిచేసి వచ్చాడు. ఆ ఇంటివాళ్ళు మరక సంగతి ఎప్పుడో మర్చిపోయారట. ఆయనకి మాత్రం నిద్ర పట్టలేదు. కప్పెట్టడం ఆయన విద్య. అలాంటి మనిషి, ఏదీ కప్పెట్టడానికి వీల్లేని రంగుల చేతిలో పడ్డాడు. దానికి కారణం మా అక్క.

అక్క రేవులో టికెట్లమ్మేది. నది దాటించే లాంచీకి టికెట్లు. ఒక ఇరుకు గది, గదికి చెయ్యి పట్టేంత కిటికీ, ఆ కిటికీలో వచ్చీపోయే చేతులు, చేతుల వెనక నది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అదే చూసింది. ఇంటికొచ్చి ఊరి కబుర్లు చెప్పినట్టు నది కబుర్లు చెప్పేది. ఇవాళ నీళ్ళు బరువుగా ఉన్నాయే అనేది. నీళ్ళకి బరువేమిటే, తూచి చూశావా అని నేను నవ్వేదాన్ని. బావ ఆ మాటలు విన్నాడో లేదో తెలీదు. ఆ వేళకి ఆయన పెరట్లో బ్రష్షులు కడుక్కుంటూ ఉండేవాడు.

ఉద్యోగం నుంచి దిగిపోయిన కొన్నాళ్ళకే అక్క రేవు మెట్లమీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేశారు గానీ ఎముక సరిగ్గా కుదురుకోలేదు. మంచం మీద లేచి కూర్చోగలదు, పట్టుకుంటే నాలుగడుగులు వెయ్యగలదు, మెట్లు మాత్రం ఇక ఎక్కలేదు, దిగలేదు అన్నారు. అక్క గోడవైపు తిరిగి పడుకుంది. ఏం పెట్టినా రెండు ముద్దలు, ఏం అడిగినా ‘ఊఁ’. ఒంట్లో బలం లేక కాదు, బతకడం మీద మనసు లేక అలా ఉందని డాక్టరే అన్నాడు.

బావా నేనూ ఆలోచించి మంచాన్ని ముందుగదిలోకి, కిటికీ పక్కకి మార్చాం. నా మిషను నడవాలోకి పోయింది. ఆ చీకట్లో సూదిలోకి దారం ఎక్కించడానికి నేను పడ్డ తిప్పలు ఇప్పుడెందుకులెండి. కిటికీకి ఎదురుగా ఒక పాత కలప అడితి ఉండేది. దాని రేకుల కప్పు మీదుగా చూస్తే నది, నది వంపు, అవతలి ఒడ్డున చెట్ల వరస, ఆ వెనక నీలంగా కొండలు. మర్నాడు పొద్దున్న నేను పక్క దులపబోతే, అక్క కిటికీలోంచి చూపు తిప్పకుండా "గాలి మారిందే" అంది. మంచం పట్టాక తనంతట తాను అన్న మొదటి మాట అది. ఆ పూట కడుపునిండా తింది.

అలా అంతా గాడిన పడిందనుకుంటుండగా అడితి అమ్ముడుపోయింది. రేకులు విప్పేశారు, దుంగలు లారీలెక్కాయి, యంత్రం వచ్చి నేల తవ్వింది. ఆ స్థలానికీ మా ఇంటికీ మధ్య ఒక బండి పట్టేంత సందు. బావ సందులోకి దిగి అక్కడి సూపర్‌వైజర్ని అడిగి వచ్చాడు. నాలుగంతస్తులు లేస్తాయట. మా వైపు కిటికీలు కూడా ఉండవు, నిండు గోడ. సూపర్‌వైజరు మంచివాడే, కానీ మంచితనంతో గోడ ఆగదు కదా. ఇల్లు మారిపోదామన్నాను నేను. ఇంకో ఇల్లు దొరుకుతుంది, దాని కిటికీలోకి నదిని ఎక్కణ్ణుంచి తెస్తావని బావ నన్నే అడిగాడు. ఆ సాయంత్రం నుంచే అక్కకి ముద్దలు తగ్గాయి. ఇంకా ఒక్క ఇటుకా పడలేదు, ఆమె మాత్రం గోడవైపు తిరగడం మొదలుపెట్టింది.

అప్పుడు మా బావ, నదిని నేనే ఇంట్లోకి తెస్తానన్నాడు.

ముందు ఒక ప్లైవుడ్ ముక్క తెచ్చాడు. లప్పం పెట్టి నున్నగా రుద్ది, ఎనామిల్ రంగులతో నది, చెట్లు, కొండలు ఏవీ చోటు తప్పకుండా వేసి, రెండో కోటుతో తళతళలాడించి మంచం ముందు నిలబెట్టాడు. అక్క చాలాసేపు చూసింది. ఆయన మనసు నొప్పించడం ఆమెకి ఇష్టం ఉండదు. చివరికి అంది: "బాగుందండీ. కానీ నది గట్టిగా ఉంది. దీనిమీద నడుచుకుంటూ అవతలికి పోవచ్చు, లాంచీ అక్కర్లేదు." నేను పగలబడి నవ్వాను. బావ నవ్వలేదు. ఆ ప్లైవుడ్డుని నీళ్ళ డ్రమ్ము మీద మూత పెట్టుకోమని నాకిచ్చేసి, చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళాడు.

వెళ్ళింది డ్రాయింగ్ టీచరమ్మ దగ్గరికి. బడిలో బొమ్మలు నేర్పే ఆవిడ ఇంటికి ఆయన అంతకుముందే రంగులు వేశాడు. అప్పుడు గోడలకున్న బొమ్మలన్నీ దింపి, జాగ్రత్తగా గుడ్డ కప్పి పక్కన పెట్టాడే గానీ వాటివైపు చూడలేదట. ఆయన చూపంతా వాటి వెనక మిగిలిన మేకుల మీదే. ఇప్పుడు చూశాడు. తిరిగొచ్చి మాకు చెబుతుంటే ఆయన గొంతే వేరుగా ఉంది. వానలో తడుస్తున్న కొండ బొమ్మట.

"దాన్లో తెల్లరంగే లేదే," అన్నాడు అక్కతో. "తెలుపంతా కాగితానిదట. రంగుని పల్చగా పరిచి, కింద ఉన్న కాగితాన్ని కనపడనివ్వాలట. వెలుగు వెనకనుంచి వస్తోందే, నేను చూశాను."

రంగు కింద ఉన్నది పైకి కనపడితే పని చెడినట్టేనని ఇన్నాళ్ళూ నమ్మిన మనిషి. ఆ మాట చెబుతున్నంతసేపూ ఆయన చేతులు, పట్టుకోవడానికేమీ లేక, గాల్లో ఊగుతున్నాయి.

టీచరమ్మ ఒక చిన్న నీటిరంగుల పెట్టె, మందంగా గరుగ్గా ఉన్న కాగితాలు కొన్ని ఇచ్చి, ముందు వీటితో చెయ్యి అలవాటు చేసుకోండి, నేనొచ్చి చూస్తానందట. బకెట్లకి అలవాటు పడ్డ మా బావ, గోరంత రంగుబిళ్ళల్ని చూసి ఇవి ఏ మూలకి సరిపోతాయని తలగోక్కున్నాడు. తరవాత, లోకంలో ఆయన తప్ప ఇంకెవరూ చెయ్యని పని ఒకటి చేశాడు. కాగితాన్ని అరచేత్తో తడిమాడు. గరుకు తగిలింది. గరుకంటే ఆయనకి పడదు. ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దాడు, పల్చగా లప్పం పట్టించాడు, ప్రైమరు కొట్టాడు, ఆరనిచ్చి మళ్ళీ కొట్టాడు. కాగితం అద్దంలా మెరిసింది. నేనూ మెచ్చుకున్నాను, అబద్ధమెందుకు. మర్నాడు దానిమీద నీటిరంగు పెడితే అది అంటుకుంటేనా. బొట్లుబొట్లుగా ముడుచుకుని, అటూ ఇటూ పరిగెత్తి, జారి వచ్చి ఆయన ఒళ్ళో పడింది.

టీచరమ్మ వచ్చి ఆ కాగితాన్ని వేలితో తట్టి చూసింది. జరిగింది అర్థమయ్యాక నవ్వాపుకోలేక మంచం కోడు పట్టుకుని కూలబడింది. నవ్వు తగ్గాక, "మేస్త్రి గారూ, మీరు దీని నోరు కుట్టేశారు. ఇది తాగాలి," అంది.

కొత్త కాగితం చెక్కపలకమీద పరిచి, వెడల్పాటి బ్రష్షుతో దానికి వట్టి నీళ్ళు పూసింది. బ్రష్షు కొసన ముదురు నీలం తీసుకుని ఆ తడిలో ఒక్కచోట ఆనించి, చెయ్యి వెనక్కి తీసేసింది. అంతే. తరవాతదంతా దానంతట అదే జరిగింది. నీలం కదిలింది. అంచుల్లోంచి సన్నటి వేళ్ళు మొలిచి, వేళ్ళలోంచి నూగు పుట్టి, తడి ఉన్నంత మేరా పాకి, ఎక్కడ ఆగిందో తెలియకుండా కలిసిపోయింది. పక్కన మట్టిరంగు చుక్క పెడితే రెండూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వెళ్ళి బూడిదరంగయ్యాయి. ఆరుతున్నకొద్దీ ఆ బూడిదరంగులోంచి నీలం రేణువులు మళ్ళీ విడివడి కాగితపు సందుల్లో దిగాయి. గరుకు ఎందుకుందో మాకు అప్పుడు తెలిసింది. ఎవరూ గియ్యని కొండ ఒకటి అక్కడ లేచి నిలబడింది. దాని కాళ్ళ దగ్గర పొగమంచు ఉంది. నా చేతిలో ఎవరిదో చొక్కా ఉంది, సూది ఎక్కడ గుచ్చానో చూసుకోలేదు. అక్క మంచం మీదనుంచి ముందుకి వంగింది.

ఆవిడ చెప్పిన మిగతా పాఠం చిన్నది. తడిమీదే పని. ఆరడం మొదలయ్యాక చెయ్యి పెట్టకూడదు. చెయ్యి తిరిగినవాళ్ళు పూతమీద పూత వేస్తారు గానీ, మీరు వేస్తే కింది వెలుగు చచ్చిపోతుంది, కాబట్టి వద్దంది. ఎంత వేశామన్నది కాదు, ఎక్కడ వెయ్యకుండా వదిలామన్నది చూసుకోమంది. వెళ్ళబోతూ, "ఒక్కటే కోటు మేస్త్రి గారూ," అని మళ్ళీ నవ్వింది. మా బావకి అంతకన్నా పెద్ద శిక్ష ఎవరూ వెయ్యలేరు.

ఎదురుగా పునాది పూర్తయి పిల్లర్లు లేచాయి. బావ బయటి పని తగ్గించుకుని పొద్దునపూట కిటికీ దగ్గర బల్ల వేసుకుని కూర్చునేవాడు. మొదటి పూత బాగానే వచ్చేది. ఆకాశం తనంతట తాను వచ్చి కూర్చునేది. అక్కడితో ఆపితే ఆయన మా బావ ఎందుకవుతాడు. ఒక మూల పల్చగా ఉందనీ, ఇంకో మూల చార పడిందనీ బ్రష్షు మళ్ళీ పెట్టేవాడు. పెట్టిన చోటల్లా బురద. చూస్తుండగానే నది మురిక్కాలవ అయిపోయేది. నేను ఊరుకోలేక, గుడ్డ కత్తిరించాక మళ్ళీ మళ్ళీ కత్తెర పెడితే చొక్కా కాస్తా బనీను అవుతుంది బావా అని దెప్పేదాన్ని. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. చూడనట్టే మిషను తొక్కుకున్నాను.

అయితే ఒక మేలు జరిగింది. పాడైన ప్రతి బొమ్మనీ ఆయన అక్కకి చూపించేవాడు, అక్క చెప్పేది. ఈ ఆకాశం పొద్దుటిది, నీళ్ళు మాత్రం మధ్యాహ్నంవి అనేది. వాన వెలిశాక కొండలు దగ్గరికొస్తాయి, మీరు దూరంగానే ఉంచేశారు అనేది. ఒడ్డు వారన నీళ్ళకి ఆకాశం రంగు ఉండదండీ, ఒడ్డు నీడ ఉంటుంది అనేది. నిజమా అని ఆయన కిటికీలోంచి చూస్తే నిజమే. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఎప్పుడూ కిటికీకి వీపు పెట్టి గోడలకేసి చూసినవాడే. ఇప్పుడు ఇద్దరూ భుజాలు ఆనించుకుని ఒకే వైపు చూస్తున్నారు. తిండీ అక్కడే, మాటలూ అక్కడే. అక్క మళ్ళీ కడుపునిండా తింటోంది. నీళ్ళ బరువంటే ఏమిటో నాకూ ఆ రోజుల్లోనే కనిపించింది. మబ్బు దట్టంగా పట్టినప్పుడు నది మీద చిన్న అల కూడా లేవదు. నిజంగానే ఏదో మోస్తున్నట్టు ఉంటుంది.

ఒకరోజు ఆకాశం వేసి ఆరుతుండగా, తడి బ్రష్షులోంచి చుక్క జారి దానిమీద పడింది. చుక్క చుట్టూ రంగు వెనక్కి జరిగి, ముడతలు పడ్డ అంచుతో తెల్లగా ఏదో విచ్చుకుంది. బావ తలపట్టుకున్నాడు. గోడయితే లప్పంతో పూడ్చేసేవాడే. అక్క ఆ కాగితం తీసుకుని, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూసింది. "ముట్టుకోకండి. అక్కడ వాన మొదలైంది," అంది.

నేను లేచి వెళ్ళి చూశాను. మబ్బు కింద నిజంగానే చినుకు మొదలైంది. దాన్ని ఎవరూ వెయ్యలేదు. పడిన నీటిచుక్కే వాన అయింది. ఇన్నాళ్ళూ తను నీళ్ళతో పోట్లాడుతున్నాడనీ, చాలా పని నీళ్ళకే వదిలెయ్యాలనీ బావకి ఆ రోజు అర్థమైనట్టుంది. ఆ తరవాత ఆయన చెయ్యి కాస్త నెమ్మదించింది.

కట్టడం మాత్రం నెమ్మదించలేదు. మొదటి స్లాబు మా కిటికీ గడప ఎత్తుకి వచ్చింది. దానిమీద మళ్ళీ పిల్లర్లు లేచాయి. రెండో స్లాబు పడ్డప్పుడు పైనున్న ఆకాశం పోయింది. రెండు స్లాబుల మధ్య అడ్డంగా ఒక పట్టీలా నది మిగిలింది. ఆ తరవాత ఇటుకలు వచ్చాయి. తాపీవాళ్ళు పక్కవైపునుంచి గోడ కట్టుకుంటూ మా వైపు మూల తిరిగారు. మా గొడవంతా తెలిసిన సూపర్‌వైజరు కిందనుంచి బావని పిలిచి, రేపు ఒక్క పూట వాళ్ళని ఇంకో వైపు పనికి పెడతాను, ఆ పైన నా చేతుల్లో లేదని చెప్పాడు. అంతవరకు బావ వేసినవాటిలో అక్క మెచ్చుకున్నవి ఉన్నాయి గానీ, ఇది నా నది అన్నది ఒక్కటీ లేదు.

ఆ పూట పొద్దున్నే కిటికీ తలుపులు తీస్తే నది లేదు. మంచు. ఎదురుగా తెల్లగుడ్డ కట్టేసినట్టుంది. నాకు ఒళ్ళు మండుకొచ్చింది. మిగిలిందే ఒక్క పూట, ఇప్పుడే ఇలా తగలడాలా అని మంచునీ, ఆ స్థలం కొన్నవాళ్ళనీ, అడ్డొచ్చిన ప్రతిదాన్నీ కలిపి తిట్టాను. బావ బ్రష్షు పట్టుకుని దిక్కుతోచక నిలబడ్డాడు. అక్క నా చెయ్యి ఆసరాగా లేచి దిండ్లకి ఆనుకుని కూర్చుంది.

"తిట్టకే," అంది. "ఇలాంటి పొద్దుట లాంచీ కదలదు. టికెట్లకి ఎవరూ రారు. నేనూ నదీ ఉండేవాళ్ళం, అంతే. నాకిష్టమైన నది ఇదే." ఆయన వైపు తిరిగి, "ఇదే వెయ్యండి," అంది.

బావ కాగితాన్ని రెండువైపులా తడిపాడు. ఉందా లేదా అన్నంత లేతగా పసుపు పరిచాడు. సూర్యుడు మా ఇంటి వెనక లేస్తాడు కాబట్టి మాకు కనపడడు, ఆ మంచులో మాత్రం ఆ వెచ్చదనం తెలుస్తోంది. ఆ తడి మీదే నీలమూ మట్టిరంగూ కలిపిన బూడిదరంగుని కింది సగంలోకి వదిలాడు. పలకని మెల్లగా వంచాడు. రంగు నదిలాగే నడిచింది. మామూలుగా అయితే ఈపాటికి ఆరడం మొదలుపెట్టాలి. ఆ రోజు ఆరలేదు. గదంతా మంచు చెమ్మ నిండిపోయి ఉంది. దుప్పటి ముట్టుకుంటే చల్లగా తగులుతోంది. కిటికీలోంచి లోపలికొచ్చిన ఆ చెమ్మే కాగితాన్ని తడిగా ఉంచుతోంది, రంగుని ఇంకా నడవనిస్తోంది. బయట నదిమీద పరుచుకున్న మంచే ఇక్కడ, మా బల్లమీద, తన బొమ్మ తాను వేసుకుంటోంది. ఈ సంగతి బుర్రకెక్కగానే నా నోరు మూతపడింది. నా నోరు మూతపడటం మా ఇంట్లో చిన్న విషయం కాదు.

దగ్గరి ఒడ్డు కోసం, దాదాపు ఆరిన బ్రష్షుతో ఒకే ఒక్క ముదురు గీత లాగాడు. అది గరుకుమీద తెగుతూ తెగుతూ వెళ్ళి రాతిమెట్ల అంచయింది. ఆ పైన బ్రష్షు అవతలి ఒడ్డు దగ్గరికి వెళ్ళింది. అక్కడి చెట్ల వరస ఆయనకి కంఠతా వచ్చు, కళ్ళు మూసుకుని వెయ్యగలడు. బ్రష్షు కాగితం మీద బెత్తెడు ఎత్తున ఆగింది. ఖాళీ కనిపిస్తే పూడ్చకుండా ఉండలేని చెయ్యి అది. బ్రష్షుని నీళ్ళ డబ్బాలో పడేసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, రెండడుగులు జరిగి నిలబడ్డాడు. వీపు వెనక ఒక చెయ్యి ఇంకో చేతిని గట్టిగా పట్టుకుని ఉండటం నాకు కనిపిస్తూనే ఉంది.

బొమ్మ మాత్రం ఆగలేదు. ఎవరి చెయ్యీ దానిమీద లేదు, అయినా అది ఇంకా అవుతూనే ఉంది. బూడిదరంగు ఊపిరి తీసుకున్నంత నెమ్మదిగా పైకి పాకింది. పసుపుని తాకిన చోట ఏ రంగని చెప్పలేని వెలుగొకటి పుట్టింది. మంచులో ఒకచోట మందం, ఒకచోట పల్చన. నీళ్ళెక్కడ అయ్యాయో, గాలెక్కడ మొదలైందో తెలియదు. నేను దేవుడి ముందు కూడా ఎన్నడూ అంత కదలకుండా నిలబడలేదు. దణ్ణం పెట్టాలనిపించింది గానీ ఎవరికి పెట్టాలో తెలియలేదు. అక్క కళ్ళు తుడుచుకుంటూ, ఇదండీ, ఇదే అంది.

మధ్యాహ్నం తాపీవాళ్ళు ఇటువైపు వచ్చారు. వరస మీద వరస పడుతూ కిటికీ నిండా ఎర్ర ఇటుక నిండిపోయింది. గదిలో పగలే దీపం వెయ్యాల్సి వచ్చింది. బావ ఆ బొమ్మకి చెక్క చట్రం కట్టి, కిటికీకి ఎదుటి గోడమీద, అక్క మంచంలోంచి చూస్తే కనపడేలా తగిలించాడు. తగిలించాక చూశాను. ఆ మసకలో అది ఒట్టి బూడిదరంగు కాగితం. దీపం వేస్తే కామెర్లొచ్చినట్టు పచ్చగా ఉంది. ఆ రంగులకి సొంత వెలుగు లేదు. వెనకున్న కాగితానికి పగటి వెలుగు తగిలితేనే అవి బతుకుతాయి. అక్క కాసేపు చూసి, బాగుందండీ అని, పక్కగోడవైపు తిరిగి పడుకుంది. మళ్ళీ రెండు ముద్దలు, మళ్ళీ ‘ఊఁ’. బావ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని తన చేతులకేసి చూసుకునేవాడు. ఆ చేతుల్ని చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఉపాయం ఒకటి నాకు తట్టింది. ఎదురుగా అంత గోడ ఉంది, వెయ్యడానికి చెయ్యి ఉంది, ఆ గోడమీదే నదిని వేసెయ్యి బావా, కిటికీ తెరిస్తే చాలు కనిపిస్తుంది అన్నాను. సూపర్‌వైజర్ని కూడా నేనే వెళ్ళి అడిగొచ్చాను. ఆ వైపు ఎవరూ చూడరు, ప్లాస్టరింగ్ అయ్యాక పరంజా విప్పేలోగా ఏం వేసుకున్నా తనకి అభ్యంతరం లేదన్నాడు. బావ కిటికీ దగ్గర నిలబడి ఆ గోడని పైనుంచి కిందికి చూశాడు. గోడల సంగతి ఆయనకి చెప్పేదెవరు.

"వద్దు," అన్నాడు. "అక్కడ నేనెంత బాగా వేసినా గోడ గోడే. నది ఒకసారి వచ్చింది, కాగితం మీదికి వచ్చింది. దానికి ఇప్పుడు కావలసింది వెలుగు."

ప్లాస్టరింగ్ ఆరాక ఒక పొద్దున్న చూస్తే పరంజా ఎక్కి ఉన్నాడు. పక్కన బకెట్టు, బకెట్లో సున్నం. ఒట్టి తెల్ల సున్నం. మా కిటికీ నుంచి కనపడినంత మేరా కొట్టాడు. రెండో కోటు కొట్టాడు. మూడోది కూడా కొట్టాడు, ఆయన్ని ఆపేవాళ్ళు అక్కడ లేరు. సున్నం తడిగా ఉన్నంతసేపూ తెలుపు తేలదు కాబట్టి గోడ అప్పటికి మట్టిగొట్టుకునే ఉంది. ఇంత చేసి ఒట్టి గోడా బావా అని కిటికీలోంచి అరిచాను. దిగి వచ్చి చేతులు కడుక్కున్నాడు.

మాది పొట్టి ఇల్లు. పొద్దుటెండ మా కప్పు మీదుగా వెళ్ళి ఆ గోడకి తగులుతుంది. మర్నాటికి సున్నం ఆరి తెలుపు విచ్చుకుంది. ఎండ దానిమీద పడి, వెనక్కి తిరిగి, మా కిటికీలోంచి లోపలికి వచ్చింది. సూటి ఎండ కాదు. మెత్తగా, తెల్లగా, నీళ్ళమీదనుంచి లేచి వచ్చినట్టుంది. గది దాటి వెళ్ళి ఎదుటి గోడమీది కాగితాన్ని తాకింది. నేను గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వస్తున్నదాన్ని ఆగిపోయాను. చట్రంలో మంచు వెలిగింది. ఆ పొద్దుట ఎవరి చెయ్యీ లేకుండా పుట్టిన వెలుగు, అదే చోట, మళ్ళీ పుట్టింది. గోడమీద ఒక కాగితం ముక్క ఇంత పని చెయ్యగలదని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

వెలుగుకి మెలకువ వచ్చి అక్క ఇటు తిరిగింది. చూసింది. బావ గుమ్మం అవతలే నిలబడ్డాడు, లోపలికి రావడానికి భయపడుతున్నట్టు.

"అవతలి ఒడ్డు ఏదండీ?" అని అడిగింది.

"మంచులో ఉంది," అన్నాడు.

అక్క దిండు పైకి జరపమని నాకు సైగ చేసి, ఆనుకుని సర్దుకుని కూర్చుంది. "కాస్త పొద్దెక్కనివ్వండి. కనిపిస్తుంది," అంది.

అక్కడ కాగితం తప్ప ఏమీ లేదని నాకు తెలుసు. ఆయన బ్రష్షు ఎత్తెయ్యడం నా కళ్ళతో చూశాను. ఆ మాట అనడానికి నోరు తెరిచాను కూడా. తీరా దానికేసి చూస్తే, ఆ తెలుపు వెనక చెట్లు లేవని ఒట్టు పెట్టి చెప్పలేకపోయాను. బావ వచ్చి మంచం పట్టె మీద అక్క పక్కన కూర్చున్నాడు. నేను గిన్నె కింద పెట్టి ఇటువైపు కూర్చున్నాను. మంచు విడేదాకా లేచే పని లేదన్నట్టు, ముగ్గురం అవతలి ఒడ్డుకేసి చూస్తూ ఉండిపోయాం.